వసంతారంభమున చెరువు చేపలు

ఫాల్గునము కడచి చైత్రము వచ్చుసరికి మన చెరువులలో నీరు తగ్గి, చేపలు లోతు మడుగులకు చేరును. అప్పుడు వల వేయుట మిక్కిలి సులభము. సులభమగుటచేతనే చెరువు నొక్కసారిగా ఊడ్చివేయు ప్రమాదమును ఈ కాలముననే కలదు. కావున రైతు సోదరులకును, మత్స్యకార సోదరులకును కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది నీటి విషయము. రెండవకారు వరి పాలుపోసుకొనునప్పుడు తడి తప్పినచో గింజ తాలుపోవును. చేపలకొఱకు తూము తెఱచి నీటిని వృథాగా విడుచుట పంటకు ద్రోహము. అయితే తూము అడుగునకు దిగువనున్న నీరు తనంతట పొలమునకు పాఱదు. దానిని యంత్రములతో తోడివేయక పశువులకును, చేపలకును విడుచుట న్యాయము.

రెండవది చేపల జాతిభేదము. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు వానకాలమున నదుల వఱదనీటిలో గ్రుడ్లు పెట్టును. నిలువనీటి చెరువులో పెట్టవు. కావున ఎదిగినవానిని పట్టి అమ్ముకొని, చెరువు నిండిన పిమ్మట క్రొత్త పిల్లలను విడువవలెను. పూర్వమీ పిల్లలకై నదులనే ఆశ్రయింపవలసియుండెను. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారును, అలీకున్హిగారును ఈ జాతులచే కృత్రిమముగా గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. నేడు పిల్లలు ఉత్పత్తి కేంద్రములలో లభించుచున్నవి.

కొఱ్ఱమీను సంగతి వేఱు. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎన్నికయైన యీ జాతి, చెరువులోని నాచు తుంగల నడుమనే గ్రుడ్లు పెట్టి, పిల్లలను తానే కాచుకొనును. గాలిని పీల్చగలదు గనుక కొద్ది నీటనైనను బ్రతుకును. మడుగులోని పెద్ద కొఱ్ఱమీలనన్నిటిని ఇప్పుడే పట్టినచో, వానలు వచ్చినపుడు పిల్లలను కనుటకు చెరువులో తల్లి మిగులదు.

విషముతోను, ప్రేలుడు మందుతోను చేపలను చంపుట 1897 నాటి చట్టముచేతనే నిషిద్ధము. ఆ విషము పశువుల నోటికిని చేరును. సన్నకన్నుల వలలు మఱునాటి సంపదను నేడే హరించును.

కావున వల దింపుటకు ముందే రైతుల సంఘమును, మత్స్యకారుల సంఘమును చెరువుకట్టపై సమావేశమై, నీరెంతవఱకు తీయవలెనో గుర్తుఱాయి పాతి, ఏ మడుగును విడువవలెనో నిర్ణయించి, తీర్మానము వ్రాసికొనవలెనని కోరుచున్నాము. నీరు ఇంకిన పిమ్మట చేయు తగవువలన పైరును నిలువదు, చేపయు దక్కదు.