చప్పట్లు లేని ఆట

పద్యనాటకంలో నటుడు రాగం ముగించాక 'వన్స్‌మోర్' అనే నాథుడే లేకపోతే? పద్యానికి లోటేమీ లేదు; నటుడి గొంతే చిన్నబోతుంది. 2020లో జర్మనీ ఫుట్‌బాల్ లీగుకు, అదే బుందెస్‌లీగాకు, ఇటువంటి చిక్కే వచ్చిపడింది.

కరోనా మూలాన మార్చిలో ఆగిన పోటీలను మే 16న తిరిగి మొదలుపెట్టారు. జనం మాత్రం రాకూడదన్నారు. ఇటువంటివాటిని జర్మనులు 'దయ్యాల ఆటలు' అంటారు! వీరాభిమానుల సంఘాలు చాలా వరకు వద్దన్నాయి. ఊరంతా రోగభయంతో ఉంటే ఆటగాళ్లకు మాటిమాటికీ పరీక్షలేమిటన్న ప్రశ్నా వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. క్లబ్బుల గోడు వేరు. ఆడితేగాని టెలివిజను వారి సొమ్ము రాదు. రాకపోతే కొన్ని దివాలా తీస్తాయి. పేరుమోసిన ఆటగాడు ఎక్కడైనా బ్రతుకుతాడు. మైదానంలో గడ్డి కోసేవాడి మాటేమిటి? అందుకే నేనైతే ఆడమనే అంటాను.

కాని అది మునుపటి ఆటే అంటే ఒప్పుకోను. ఆ మొదటి విడత 9 మ్యాచ్‌లలో సొంత మైదానంలో గెలిచిన జట్టు ఒక్కటే, డార్ట్‌మండ్. ఐదు జట్లు సొంత గడ్డమీదే ఓడాయి. ఒక్క విడత చూసి తీర్పు చెప్పరాదు గాని, జూన్ 27న లీగు ముగిసేదాకా అదే ధోరణి. సొంత గడ్డ బలం తగ్గే ఉంది.

డార్ట్‌మండ్ వారు షాల్కేను 4–0తో ఓడించి, అలవాటు చొప్పున దక్షిణపు గాలరీ ముందుకు వెళ్లి అభివాదం చేశారు. మామూలు రోజుల్లో అక్కడ దాదాపు 25 వేలమంది పసుపు గోడలా నిలబడతారు. ఆనాడు ఉన్నవి ఖాళీ మెట్లు.