పడవకు ట్రాక్టరు తోడు

ఉదయగిరి కొండల దిగువ మెట్ట పల్లెలవారితో పడవను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని ఆత్మకూరు దాటి అనంతసాగరము వైపు పోయినచో, పెన్నపై సోమశిల ఆనకట్ట వెనుక 78 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టు జలాశయము కలదు. ఉదయగిరి చెంత గండిపాలెము జలాశయమును ఉన్నది. పుట్టి అయినచో మనిషి నెత్తిన బెట్టుకొని పోగలడు. ఇంజను బిగించిన పడవ అట్లు కాదు. దానిని దింపుటకు పదిమంది భుజములో, ఒక ట్రాక్టరో కావలెను. ట్రాక్టర్లకు ఈ ప్రాంతమున కొరత లేదు.

పడవను లాగుటకు గొప్ప బలము కావలెనని పలువురి తలంపు. లెక్క చూతము. పడవయు ట్రాలీయు కలిసి 1500 కిలోలనుకొనుడు. 8 అడుగులకు 1 అడుగు చొప్పున వాలియున్న గట్టి ఒడ్డున, ఆ వాలు వలన ట్రాక్టరుపై పడు లాగుడు సుమారు 190 కిలోలే. అదే ట్రాలీ మెత్తని బురదలో దిగబడినచో, బురద ఒక్కటే దానికి రెట్టింపు లాగుడు కోరును. కనుక చిక్కు ట్రాక్టరు శక్తిలో లేదు, చక్రముల క్రింది నేలలో ఉన్నది.

సముద్రతీరమున ఒడ్డు ఇంచుమించు ఒకచోటనే యుండును. చెన్నై తీరమున ఫైబరు పడవలను ట్రాక్టర్లు ఇసుకపై లాగుచుండుట అనేకులు చూచియుందురు. ఇంగ్లండులో ప్రాణరక్షక పడవలను గుఱ్ఱములు లాగుచుండగా, 1920లో హన్‌స్టంటన్ అను ఊర మొదట ట్రాక్టరుతో పరీక్ష చేసిరి. జలాశయపు టొడ్డు మాత్రము నిలుకడ లేనిది. కాలువలకు నీరు విడిచినకొలది అది వెనుకకు జరుగును. బయటపడిన ఒండ్రు పైన ఎండి నెఱ్ఱెలు వారి గట్టిగానే కన్పించును. జానెడు లోతున తడి అట్లే యుండును. ట్రాక్టరు వెనుక చక్రము దిగబడునది అక్కడనే.

అందుచే ట్రాక్టరు గట్టి నేలమీదనే నిలువవలెను. నీటిలోనికి పోవలసినది ట్రాలీ. నడుమ పొడవైన ఇనుప కడ్డీ యుండిన మేలు. ట్రాలీ తగినంత మునిగినచో పడవ తనంతట తానే తేలును, నెట్టనక్కర లేదు. దూరమునుండి వచ్చిన ట్రాలీని వెంటనే ముంచరాదు. వేడి బేరింగులు చల్లబడుచు నీటిని లోనికి పీల్చుకొనును. ట్రాక్టరు ఇరుసు మునిగినచో నూనెలో నీరు చేరి పాల రంగునకు తిరుగును.

ప్రాణముమీదికి వచ్చు పొరపాట్లు వేరు. దున్నునపుడు మలుపులకై విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను ఒడ్డునకు వచ్చుటకు ముందే కలిపి బిగింపవలెను. లేనిచో ఒక చక్రమే పట్టుకొని బండి అడ్డము తిరుగును. మోకును ఇరుసుకంటె దిగువనున్న కొక్కెమునకే తగిలింపవలెను. సీటు వెనుక ఎత్తున కట్టినచో ముందు చక్రములు లేచి, ట్రాక్టరు నడుపువానిమీదనే వెనుకకు తిరుగబడగలదు. మడ్గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టు అలవాటు పొలమునందే మంచిది కాదు, ఇక్కడ అసలే కూడదు. బిగిసిన మోకు ప్రక్కన ఎవరును నిలువరాదు.

తిరిగి లాగునపుడు పడవలోని నీటిని ముందు తోడివేయుడు. 200 లీటర్ల నీరు 200 కిలోల బరువు.

ఇది చేపల వేటకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన పెద్ద వరదను ఈ జిల్లావారు మరువలేదు. అట్టి రాత్రి ఒడ్డున ఏ తావు గట్టిదో వెదకుకొను వ్యవధి యుండదు. వేసవిలో నీరు తీసినపుడే గడ్డపారతో పొడిచి చూచి, గట్టి దారికి ఇరుప్రక్కల రాళ్లు పాతి, నీరు పెరిగినను కన్పించునట్లు పై గట్టున సున్నపు గుర్తు పెట్టియుంచవలెను.