పాతరంగులోని సీసము

మన తలుపులకును కిటికీలకును పూయు రంగు త్వరగా నారుటకును, చిరకాలము నిలుచుటకును పూర్వము పెక్కు రంగులలో సీసము కలుపుచుండిరి. సీసము విషము. రంగు పాతబడి పెచ్చులుగా రాలినపుడు ఆ పొడి నేలపై బడి, ప్రాకెడు శిశువుల చేతులనుండి నోటికి బోవును. రక్తమున జేరి మెదడు పెరుగుదలను చెఱచును. పాఠము నిలువని బాలుని సోమరియని దండించుటకు ముందు మావంటి యుపాధ్యాయులు ఈ సంగతియు యోచింపవలెను.

1904వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున గిబ్సను అను నేత్రవైద్యుడు, అచ్చటి పిల్లల జబ్బునకు వసారా కటకటాలకును గోడలకును పూసిన రంగే కారణమని తెలిపెను. ఆ రాష్ట్రమువారు 1922లో, పిల్లల చేతికందు చోట్ల సీసపురంగును నిషేధించిరి. మన దేశమున 2017 నవంబరు 1వ తేదీ మొదలు ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకంటె నెక్కువ సీసముండరాదు. కాని అంతకు ముందు పూసిన రంగు మన తలుపులమీదనే యున్నది.

దానిని పొడిగా గీకరాదు, కాల్చరాదు. తడిపి గీకి, పెచ్చుల నేరి, నేలను తడిగుడ్డతో తుడువవలెను. పెచ్చులూడనిచో పైన క్రొత్తరంగు పూయుట మేలు. అనుమానము కలిగినచో వైద్యునితో చెప్పి బిడ్డ రక్తమును పరీక్షింపజేయవలెను.

అమెరికాలో 1992 నాటి శాసనము ననుసరించి, బీదల యిండ్లలో నీ పనికి ప్రభుత్వము ధనసహాయము చేయుచున్నది. మనము చేయదగిన సహాయము చిన్నది: పొరుగింట పని జరుగునంతవఱకు వారి పసిబిడ్డలను మన యింట నుంచుకొనుట. బాలబాలికలారా, పండుగకు రంగు వేయించుటకు ముందే దీనిని మీ తలిదండ్రులకు చదివి వినిపింపుడు.