పరదేశమునకు పోయి వచ్చు పడవలు - సుంకపు నియమములు

ఎదుర్లంకలో పడవ యెక్కి గౌతమి దాటి యానాములో దిగినవాడు 1954 నవంబరు 1వ తేదీకి పూర్వము ఫ్రెంచివారి సీమలో కాలు మోపినట్లే. ఆనాడు యానాము పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించుటతో ఆ యేటి మీద ఎల్ల చెరిగిపోయినది. సముద్రపు సంగతి వేరు. కోరంగి రేవునుండి బర్మాకు వలసపోయిన మనవారిని అక్కడివారు కోరంగీలనుట అందరికిని తెలిసినదే. అట్లు దేశము దాటు పడవలకు నేడు వర్తించునది 1962నాటి కస్టమ్స్ చట్టము.

ఈ చట్టములో పలువురెరుగని విశేషమొకటి కలదు. పడవలోని సరుకే కాదు, పడవయు ‘సరుకు’ క్రిందికే వచ్చును. కావున మరమ్మతుకో, మరియొక పనికో విదేశమునకు పంపిన పడవ తిరిగి వచ్చినపుడు, క్రొత్తగా దిగుమతియైన దానివలెనే సుంకమునకు లోబడును. మినహాయింపు పొందవలెనన్న పోయిన పడవయే వచ్చినదని అధికారికి రుజువు కావలెను. ఇంజను నంబరు, రిజిస్టరు నంబరు బయలుదేరుటకు ముందే పత్రములలో వ్రాయించుకొనుట మేలు. 2017 జూన్ 30నాటి ప్రకటనలో తిరిగి తెచ్చుటకు మూడేండ్ల గడువును, తగిన కారణమున్నచో అయిదేండ్ల వరకు పొడిగింపును ఏర్పరచిరి. గడువులు మారుచుండును గనుక కాకినాడ కస్టమ్స్ కార్యాలయమున ముందుగా విచారించుకొనవలెను. విదేశమున బాగుచేయించినచో ఆ ఖర్చు మీదను, అందు వాడిన సామాను మీదను, రానుపోను రవాణా, భీమాల మీదను సుంకము పడును.

సరుకుతో విదేశమునకు పోవు ఓడ అధికారి వ్రాతమూలకమైన ఉత్తరువు లేనిదే రేవు విడువరాదు. తిరిగి వచ్చునపుడు మొదట కస్టమ్స్ రేవులోనే ఆగవలెను. గాలివానకు కొట్టుకొనివచ్చి వేరొక తీరమున చేరినచో దోషము లేదు. అయితే వెంటనే దగ్గరి కస్టమ్స్ అధికారికి గాని పోలీసు ఠాణాకు గాని తెలుపవలెను; అనుమతి లేక సరుకు దింపరాదు.

మత్స్యకారులు గమనింపవలసిన సంగతి మరొకటి. తీరమునుండి 12 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 22 కిలోమీటర్లు దాటి వేటాడు పడవను సైతము ఈ చట్టము విదేశములకు పోవు ఓడగానే ఎంచును. నడిసముద్రమున పరాయి ఓడనుండి దొంగసరుకు ఎక్కించుకొన్నచో సరుకుతోపాటు పడవయు జప్తు కావచ్చును. యజమాని ఇంటనుండుట చాలదు. తనకే కాక సరంగునకును ఆ సంగతి తెలియదని అతడే రుజువు చేయవలెను! బాడుగకు తిరుగు పడవయైనచో జప్తుకు బదులు జరిమానా చెల్లించి విడిపించుకొనుటకు అవకాశమీయవలెను. ఆ జరిమానా దొంగసరుకు బజారు వెలకు మించరాదు.