పట్టపగలు దీపమెందుకంటారా?

2018లో నేను స్కూటీ కొన్న కొత్తలో ఎదురొచ్చిన ప్రతి మగమహారాజూ చెయ్యెత్తి, వేళ్లు మూసి తెరిచి సైగ చేసేవాడు. లైటు వెలుగుతోంది, ఆర్పుకోమని. ఆర్పడానికి దానికి స్విచ్ ఉంటే కదా! 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారై వచ్చే ద్విచక్ర వాహనాలకు ఇంజన్ స్టార్ట్ అవగానే ముందు లైటు దానంతటదే వెలగాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ సంగతి తెలియక పాపం అందరూ నామీద జాలిపడేవారు. ఇప్పుడా సైగలు బాగా తగ్గాయి. జనం కళ్లు అలవాటు పడ్డాయి.

కార్లకు మాత్రం ఆ నిబంధన లేదు. షోరూములో ఒకే మోడల్ కారు నాలుగైదు రకాల ధరల్లో ఉంటుంది చూడండి, వాటిలో పైరకానికి పగటి దీపాలుంటాయి, అందరికంటే తక్కువ డబ్బు పెట్టేవాళ్లు కొనేదానికి చాలాసార్లు ఉండవు. డే టైం రన్నింగ్ లైట్లు అని వాటి పూర్తి పేరు, పొట్టిగా డీఆర్ఎల్. అమ్మేవాళ్లు కూడా వాటిని అలంకారాల జాబితాలోనే చదువుతారు, మెత్తటి సీట్లు, పాటల డబ్బా సరసన. నాకు కోపం వచ్చేది అక్కడే.

పూర్వం పీఠాధిపతుల పల్లకీల ముందు పట్టపగలే దివిటీలు పట్టేవారట. అదొక మర్యాద. దారి కనపడటం కోసం కాదు, వస్తున్నదెవరో నలుగురికీ తెలియడం కోసం. కారు పగటి దీపం చేసే పనీ అదే. మనకు రోడ్డు చూపించదు. మనల్ని రోడ్డు మీదివాళ్లకు చూపిస్తుంది. కాకపోతే ఇందులో గొప్ప ఏమీ లేదు, ప్రాణభయమే!

మాది గార్లదిన్నె. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్కనుంచే పోతుంది. అనంతపురం వెళ్లాలంటే పాతిక కిలోమీటర్ల లోపే. నాలుగు వరుసల రోడ్డు కదా, ఎదురుబండ్ల భయమెందుకు అనుకుంటాం. మధ్యలో సందులుంటాయి, వాటిలోంచి మేకలు దాటతాయి, బడిపిల్లలు దాటతారు, చుట్టూ తిరిగి రావడం దండగని ఎదురుదారిలోనే వచ్చే మోటారు సైకిళ్లుంటాయి. ఇక పెనకచెర్ల డ్యాం వైపు తిరిగామా, అది ఇరుకు రోడ్డు. ఎండాకాలమైతే పదకొండు కాకముందే తారు మీద నీళ్లు నిలిచినట్టు ఎండమావులు. ఆ మెరుపులోంచి వచ్చే కారు దగ్గరపడేదాకా కంటికి ఆనదు. అందులో మాది పదేళ్లు దాటిన బూడిదరంగు చిన్న కారు.

నిరుడు వేసవిలో ఓ మధ్యాహ్నం మావారు నడుపుతున్నారు, నేను పక్కన కూర్చున్నాను. తలమీద గడ్డిమోపుతో ఒక అవ్వ రోడ్డు పక్కన నిలబడి అటూ ఇటూ చూసింది. మావైపు నిదానంగా చూసి మరీ రోడ్డు మీదికి అడుగేసింది. మావారు ముందే వేగం తగ్గించారు కాబట్టి కారు ఆగింది. దిగి వెళ్లాను. "ఏమవ్వా, చూసి కూడా వస్తివే?" అన్నాను. ఆమె మోపు సర్దుకుంటూ, "చూస్తి తల్లీ, కనపడల్యా. మీ కారు రోడ్డు మాదిరే ఉండాది గదమ్మా" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె చూడలేదనడానికి వీల్లేదు. చూసింది. ఆమె కంటపడేలా మా కారులో ఏమీ లేదు, అంతే.

2024 నవంబర్ 23న మా మండలంలోని తలగాసిపల్లి దగ్గర బస్సూ ఆటో ఢీకొని, పుట్లూరు మండలం ఎల్లుట్ల నుంచి అరటితోట పనికొచ్చిన కూలీలు తిరిగి ఇల్లు చేరలేదు. అది పట్టపగలు జరిగింది. దీపాలుంటే అది తప్పేదని నేననను, ప్రమాదానికి సవాలక్ష కారణాలుంటాయి. రాత్రి ప్రయాణమంటే భయపడే మనం పగటిపూట ఎంత ధీమాగా ఉంటామో గుర్తుకొచ్చి చెబుతున్నాను.

ఈ పగటి దీపాల ఆలోచన చలిదేశాల్లో మొదలైంది. అక్కడ చలికాలంలో మధ్యాహ్నం కూడా సంధ్యవేళలాగే ఉంటుంది. స్వీడన్ 1977లోనే పగలు కూడా కారు లైట్లు వేసుకునే నడపాలంది. కెనడాలో 1989 డిసెంబర్ నుంచి తయారైన కొత్త కార్లకు ఇవి తప్పనిసరి. ఐరోపా దేశాలు 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లన్నిటికీ ఉండాలన్నాయి. అందరూ ఒక్కమాట మీద ఉన్నారనుకోకండి. ఆస్ట్రియా 2005లో పగలు లైట్లు వేయాలని చట్టం చేసి, 2008 వచ్చేసరికి ఎత్తేసింది. కార్లన్నీ వెలుగుతుంటే, దీపం లేని పాదచారి ఆ వెలుగులో కలిసిపోతాడేమోనన్నది ఒక అభ్యంతరం. ఆ మాటలో న్యాయముంది. మన అవ్వకు దీపం లేదు కదా! అందుకే కారుకు లైటున్నంత మాత్రాన మనం వేగం పెంచే వీలు లేదు. మనం ఆమెకు కనపడతాం సరే, ఆమె మనకు కనపడటం మాత్రం మన కళ్ల పనే.

ఇక పెట్టించుకోవడం సంగతి. అనంతపురంలో కార్ల కరెంటు పనులు చేసే ఒకబ్బాయి దగ్గరికి వెళ్లాం. మొదట ఐదారు వందలకే దొరికే, పాములా మెలికలు తిరిగే లైట్ల పట్టీలు చూపించాడు. నీలంవీ ఉన్నాయి, ఎర్రవీ ఉన్నాయి. రంగులొద్దన్నాను. కారు ముందు ఎర్రలైటు వెలగకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఐరోపా నిబంధనలైతే తెలుపు తప్ప వేరే రంగును ఒప్పుకోవు. భూమికి పాతిక సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, మీటరున్నరకు మించకుండా బిగించాలి. రెంటి మధ్యా అరవై సెంటీమీటర్ల ఎడం ఉండాలి, అప్పుడే ఎదుటివాళ్లకు అది కారని తెలుస్తుంది. మరీ చిన్న కార్లకు కాస్త మినహాయింపు ఉంది. వెలుగు 400 నుంచి 1200 క్యాండెలాల మధ్య ఉండాలి. ఆ లెక్కలు మనకక్కర్లేదు, పగలు దూరం నుంచి కనపడాలి, దగ్గరికొస్తే కళ్లు చెదరకూడదు అనుకుంటే చాలు.

"బ్యాటరీ నుంచి డైరెక్టుగా వైరు లాగి స్విచ్ పెట్టేస్తా అక్కా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు" అన్నాడు ఆ అబ్బాయి. నేను ఒప్పుకోలేదు. స్విచ్ పెడితే వేయడం ఒకరోజు మర్చిపోతాం, ఆపడం ఇంకోరోజు మర్చిపోతాం. మర్నాడు పొద్దున బ్యాటరీ దిగిపోయి కారు కదలదు. ఫ్రిజ్ తలుపు తీయగానే లోపల దీపం వెలిగినట్టు ఇది దానంతటదే వెలగాలి, దానంతటదే ఆరాలి. అతను నవ్వి, "అట్లయితే కంట్రోల్ బాక్సు వేయాల, ఖర్చు ఎక్కువైతాది" అన్నాడు. సరే వేయమన్నాను.

ఆ బాక్సు చేసే పని విన్నాక నాకు ముచ్చటేసింది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీలో పన్నెండున్నర వోల్టుల చిల్లర ఉంటుంది. ఇంజన్ తిరిగితే ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలై అది పద్నాలుగు దాకా పెరుగుతుంది. ఆ పెరుగుదలను పసిగట్టి బాక్సు దీపాలు వెలిగిస్తుంది. ఇంకో సన్నవైరు పార్కింగ్ లైట్ల దగ్గరికి పోతుంది. రాత్రి ఆ లైట్లు వేయగానే ఇవి ఆరిపోతాయి. ఆరకపోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. బాక్సు లేకుండా తాళంచెవి తిప్పితే కరెంటొచ్చే వైరుకు రిలే కలిపి చేసే పద్ధతి కూడా ఉందట. ఏది చేసినా బ్యాటరీకి దగ్గరలో విడిగా ఒక ఫ్యూజు ఉండి తీరాలి. ఎక్కడైనా వైరు ఒరుసుకుని షార్టయితే ఫ్యూజు పోతుంది, కారు మిగులుతుంది. ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి.

కంపెనీవాళ్ల వైర్లు కోసి అతికించనివ్వకండి. కప్లర్లతో కలపమనండి, కొత్త కారైతే మరీనూ, వారంటీ గొడవలొస్తాయి. ముందు బంపర్‌లో ఫాగ్ ల్యాంపుల కోసం వదిలిన చోట మా దీపాలు అమిరాయి. వైర్లకు గొట్టం తొడిగి ఇంజన్ వేడి తగలకుండా పక్కనుంచి తీసుకెళ్లాడు. అంతా అయ్యాక బకెట్టుతో నీళ్లు కుమ్మరించమన్నాను. "మన జిల్లాలో వానెక్కడ పడతాదిలే అక్కా" అన్నాడు. కారు కడగమా మరి! దీపాలు, బాక్సు, కూలీ అన్నీ కలిపి మాకు మూడు వేల లోపే అయింది.

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అయితే, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గానీ, లేదా రెండూ గానీ అంటోంది. అందుకని పైరకం కారుకు కంపెనీ ఇచ్చే దీపాలే మీ కారుకూ సరిపోతాయేమో ముందు సర్వీస్ సెంటర్లో అడగండి. బయట చేయిస్తే తెల్లటి, అదుపైన వెలుగు చాలు. మిణుకుమిణుకుమనేవీ, రంగులు మారేవీ పెళ్లి ఊరేగింపుకు బాగుంటాయి.

ఇవేవీ వద్దనుకుంటే మరో దారి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. హైవే ఎక్కగానే మామూలు హెడ్‌లైట్లు డిమ్‌లో వేసుకోండి. స్వీడన్‌వాళ్లు చేసిందీ అదే. హాలోజన్ బల్బయితే ఒక్కొక్కటీ 55 వాట్లు, రెండూ కలిసి నూట పది. ఎల్ఈడీ పగటి దీపాలకు అందులో చిన్న వంతు సరిపోతుంది. బల్బు కాస్త త్వరగా మాడుతుంది, పెట్రోలూ కాస్త ఎక్కువ తాగుతుంది. అయినా మంచులో, వానలో, దుమ్ములో ఇదే మేలు. ఎందుకంటే హెడ్‌లైట్లతో పాటు వెనక ఎర్రదీపాలూ వెలుగుతాయి. డీఆర్ఎల్‌తో అవి వెలగవు.

కొత్తగా పెట్టించుకున్నవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఈ ఆఖరి సంగతే. పొద్దుగూకే వేళ కారు ముందు వెలుగు కనపడుతుంటుంది కాబట్టి లైట్లు వేశామనే అనుకుంటాం. వెనకనుంచి వచ్చే లారీకి మాత్రం మనది చీకట్లో చీకటి. మావారు డాష్‌బోర్డు మీద "ఐదున్నర – లైట్లు" అని చీటీ రాసి అంటించారు. ఎండకు రంగు వెలిసిపోతే, నెలకోసారి మళ్లీ రాసి పెడుతున్నాను.