ఘనత మన చేతికి వచ్చినప్పుడు



దేవుని పరిచర్యలో ఎవరైనా మనలను మెచ్చుకొనినప్పుడు మనమేమి చేయవలెను? కొందరు, “అంతా నా ప్రార్థన వల్లనే జరిగింది” అని రొమ్ము విరుచుకొందురు. మరికొందరు, “అయ్యో, నాదేముందండీ!” అని తల వంచుదురు గాని, ఇంకొకసారి పొగడుతారేమోనని చెవి అటే ఉంచుదురు. మొదటిది గర్వము. రెండవది తగ్గింపు వేషము వేసికొనిన గర్వము.

నిజమైన దీనత్వము ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొనును. కొరింథు సంఘస్థులు కొందరు పౌలు పక్షమని, కొందరు అపొల్లో పక్షమని చీలిపోయిరి. మొదటి కొరింథీ పత్రిక 3వ అధ్యాయము చూడండి. తాను ఏమీ చేయలేదని పౌలు అనలేదు. నాటిన పని తనదనియు, నీళ్లు పోసిన పని అపొల్లోదనియు ఒప్పుకొనెను. వృద్ధిని మాత్రము దేవునికే విడిచిపెట్టెను. దున్నిన రైతు కష్టము నిజమే. కాని గింజలో మొలకను పెట్టిన రైతు ఎవడైనా ఉన్నాడా?

మన తెలుగు సంఘ చరిత్రలో ఒక దినమును తలంచుకొందము. 1876-78 కరవు కాలమున, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఏటియొద్ద 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. ఈ మాట వినగానే మనకు మిషనరీ జాన్ క్లౌ దొరగారు జ్ఞాపకము వచ్చుదురు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించే కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపించెను. ఆయనయెడల మనము కృతజ్ఞులమై యుండుట న్యాయమే. అయితే ఆ దినమున నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. అంతకుముందే, 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తన జనుల మధ్య సువార్త విత్తియుండెను. వీరి పేర్లు మన సంఘములలో ఎందరికి తెలియును?

తోటి పనివారి పేరు చెప్పినయెడల దేవుని మహిమ తగ్గునని భయపడకుడి. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు ఫీబేను, ప్రిస్కిల్లను, అకులను, ఇంకా అనేకులను పేరు పేరున జ్ఞాపకము చేసెను. పత్రిక వ్రాసిపెట్టిన తెర్తియు పేరు సహితము అక్కడ ఉన్నది. మహిమ దేవునిదే, కృతజ్ఞత మాత్రము కష్టపడిన ప్రతివానికిని చెందవలెను. హేరోదు ప్రజల కేకలు విని దేవునికి చెందవలసిన మహిమను తన యొద్దనే ఉంచుకొనెను. అతని అంతము అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో చదువుదుము.

కాబట్టి ఎవరైనా వందనములు చెప్పినయెడల ఒక్క మాటతో సంతోషముగా పుచ్చుకొనుడి. వెంటనే మీతో పనిచేసినవారి పేరు చెప్పుడి. సేవకులారా, మీ రిపోర్టులో “నేను” అని వ్రాసిన చోట ఎవరు మరుగున పడిరో చూచుకొనుడి. సంఘస్థులారా, కూటములకు చాపలు పరచిన సహోదరికి, రాత్రి సైకిలు మీద ఊరూరు తిరిగి కబురు చెప్పిన యౌవనస్థునికి ఈ ఆదివారమే కృతజ్ఞత తెలుపుడి. తరువాత ఇంటికి వెళ్లి, మోకాళ్లూని, వచ్చిన ఘనతనంతయు ప్రభువు పాదములయొద్ద పెట్టుడి.

అట్టి మనస్సు దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.