ఒక యంగుళపుటెత్తు

ఇల్లాండ్రకు మోటారుబండి మర్మములతో నేమి పని యని నవ్వకుడు. ఆ బండిలో కూర్చుండునది మన బిడ్డలే. మలుపులో నది యొక ప్రక్క కొరగినప్పుడు మొదట గుభిల్లుమనునది మన గుండెయే.

గడ్డిబండిని చూచియుందురు గదా. మోపులు మింటికెత్తి వేసిన బండి మలుపున నూగిసలాడును; అదే బరువు ధాన్యపు బస్తాలుగా పరచినచో కదలదు. బరువుయొక్క నడిమితావు, అనగా గురుత్వకేంద్రము, నేలకు దగ్గరయైన కొలది బండికి నిలకడ హెచ్చును. మావారు బల్లపై నగ్గిపెట్టెను నిలువుగా నొకసారి, అడ్డముగా నొకసారి పెట్టి వ్రేలితో త్రోసి చూపినప్పుడు నాకీ సంగతి తేటపడినది.

ఇందులకు ఇంగ్లండుదేశపు ఎం.జి.బి. యను స్పోర్ట్సుకారు చక్కని తార్కాణము. ఇది 1962 మొదలు 1980 వరకు అబింగ్డను పట్టణమున తయారైనది. తొలుత దీనికి మెరయు క్రోమియపు బంపర్లుండెడివి. అమెరికా ప్రభుత్వము క్రొత్త నిబంధనలు విధింపగా, 1974లో వానికి బదులు నల్లని రబ్బరు బంపర్లు తగిలించి, బండిని సుమారొక యంగుళ మెత్తిరి. అంతటితో పోక, ముందుచక్రముల నడుమ నుండి యొరుగుడు నాపు ఉక్కుకడ్డీని గూడ తీసివైచిరి. పాపము, చురుకుదనమునకే పేరొందిన బండి మలుపులలో పడవవలె నూగజొచ్చెను! 1976లో ముందుకడ్డీని మరల నమర్చి, వెనుక మరియొకటి చేర్చిరి గాని, ఎత్తు తగ్గింపలేదు.

కావున నేటికిని ఆ బండ్లను ప్రేమతో పోషించువారు ముందువైపున పొట్టి స్ప్రింగులు వేసి, వెనుక నిరుసునకును కమానుకట్టకును నడుమ దిమ్మెలు చొప్పించి, బండిని దింపుకొనుచున్నారు. పెరిగిన యంగుళమును తగ్గించుట న్యాయమే. కాని చూపునకు సొగసని యింకను దింపువారు కలరు. అట్లు దింపినచో ముందుచక్రములను పట్టియుండు చేతుల వాలు మారిపోవును. బండి యొరుగుట కాధారమైన బిందువు గురుత్వకేంద్రముకంటె నెక్కువగా క్రిందికి జారును. అప్పుడు తగ్గవలసిన యొరుగుడు తగ్గదు సరికదా, పెరుగవచ్చును! అదిగాక స్ప్రింగు కదలుటకు చోటు చాలదు. మలుపులో గుంట తగిలినచో ఇనుము రబ్బరుదిమ్మెను మొత్తును. చక్రము హఠాత్తుగా నేలపై పట్టు తప్పును. భయపడవలసినది దీనికే.

ఇక చక్రముల మాట. ఎం.జి.బి.కి సైకిలుచక్రమువలె తీగెల యాకులు గల చక్రములును, రేకుచక్రములును వచ్చెడివి. వీనికి మారుగా తేలికయైన మిశ్రలోహపు చక్రములు వేసిన లాభము కలదు: స్ప్రింగు క్రింది బరువు తగ్గుటచే చక్రము గుంటమిట్టల ననుసరించి వెంటనే నేలనంటును. అయితే మిక్కిలి వెడల్పై, బయటికి పొడుచుకొనివచ్చు చక్రములు తగవు. బాటలోని గాడి స్టీరింగును చేతినుండి లాగుకొనును. ఆ బండికి స్టీరింగును తేలికపరచు యంత్రసహాయము లేదు గనుక నడుపువాని భుజములు నొచ్చును. పెద్దచక్రమునకు పలుచని టైరు వేసినచో, త్రిప్పినంతనే బండి తిరుగును గాని, ప్రతి గులకరాయియు నడుమునకు తెలియును.

మార్పు ముగిసిన పిదప చక్రముల దిక్కును మరల సరిచూపింపవలెను. బండిలో నిద్దరిని కూర్చుండబెట్టి, స్టీరింగును రెండువైపుల కొసవరకు త్రిప్పి, టైరు ఎచ్చటనైన నొరయుచున్నదేమో వంగి చూడవలెను. ఈ పరీక్షకు కూర్చుండ రమ్మని పిలిచినప్పుడు, వంటపని యున్నదని మనము తప్పించుకొనరాదు.